వినుట యను విద్య

మాటలాడుట నేర్పు విద్యలు మనకు పెక్కు కలవు. బడిలో వక్తృత్వపు పోటీలు జరుగును. పద్యమును శ్రావ్యముగా చదివిన బాలునికి బహుమానము లభించును. సభలో తడబడక ప్రసంగించిన వానిని పదిమంది మెచ్చుకొందురు. చక్కగా విన్నందులకు బహుమాన మిచ్చిన పాఠశాల మాత్రము సామాన్యముగా కానరాదు. వినుట పుట్టుకతో వచ్చిన గుణమే కాని, నేర్వవలసిన విద్య కాదని మన తలంపు.

శ్రవణ మనన నిదిధ్యాసనములని మన పెద్దలు విద్యకు మూడు మెట్లు చెప్పిరి. వానిలో శ్రవణము మొదటిది. నవవిధ భక్తులలో సైతము దానిదే ప్రథమ స్థానము. అయితే అచ్చట చెప్పువాడు గురువు, వినువాడు శిష్యుడు. చెప్పవలసినది శిష్యునికి ఉండి, వినవలసిన వాడు గురువైనప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న ప్రతి ఉపాధ్యాయునికి ఏదో ఒకనాడు ఎదురగును.

ఈ ప్రశ్ననే తమ వృత్తికి పునాదిగా చేసికొని, ఏండ్ల తరబడి అభ్యసించువారు కలరు. వారు మానసిక చికిత్సను నేర్చుకొను స్నాతకోత్తర విద్యార్థులు. వారికి మందుల పెట్టె లేదు, కత్తి లేదు. ఒక చిన్న గది, రెండు కుర్చీలు, ఒక గడియారము, ఇంతియే పరికరములు. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడు తన బాధ చెప్పుకొనుటకు వచ్చిన అపరిచితుడు. వారి కున్న వ్యవధి సుమారు ఏబది నిమిషములు. ఆ వ్యవధిలో విద్యార్థి ఏమి పలుకవలెను, ఏమి పలుకరాదు, ఎప్పుడు ఊరకుండవలెను అనునది గురువు ఎట్లు నేర్పగలడు? దీనికి సమాధానము వెదకినవారి చరిత్ర మన బడిపంతుళ్ళకును పనికివచ్చునట్టిది.

తలుపు దగ్గర ఆగిన తల్లి

ఈ విద్యకు విశ్వవిద్యాలయములో చోటు కల్పించినవారిలో ముఖ్యుడు కార్ల్ రోజర్స్. ఆయన 1902లో అమెరికాలో చికాగో నగర సమీపమున జన్మించెను. మొదట మతబోధకుడు కాదలచి, తరువాత ఆ మార్గమును విడిచి, కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఉపాధ్యాయ కళాశాలలో మనస్తత్వ శాస్త్రము నభ్యసించెను. 1928 మొదలు పండ్రెండేండ్లపాటు రోచెస్టరు నగరములో, పిల్లలను క్రూరత్వమునుండి కాపాడుటకై ఏర్పడిన ఒక సంఘములో పనిచేసెను. చేతికందని పిల్లలను, తప్పుదారి పట్టిన పిల్లలను పెద్దలు అచ్చటికి తీసికొనివచ్చెడివారు.

ఆ దినములలో తాను నేర్చిన పాఠములను ఆయన 1961లో వెలువడిన ‘ఆన్ బికమింగ్ ఎ పర్సన్’ అను గ్రంథములో దాచుకొనక చెప్పెను. వానిలో ఒకటి ఇది. రోచెస్టరుకు వచ్చిన క్రొత్తలో ఆయన ఇంటర్వ్యూ చేయు పద్ధతులపై ఒక చర్చాబృందమును నడపవలసివచ్చెను. మాదిరికై ఒక ప్రచురిత సంభాషణను చదివి వినిపించెను. అందు ఒక నిపుణుడు ఒక తల్లిని ప్రశ్నించుచు, వేగముగా సమస్య మూలమునకు తీసికొనిపోవును. ఆ నేర్పునకు రోజర్స్ ముగ్ధుడయ్యెను. కొన్ని సంవత్సరములు గడచినవి. మరల అట్టి పనియే తటస్థింపగా, ఆ సంభాషణను వెదకి తీసి చదివెను. ఈసారి ఆయన నిర్ఘాంతపోయెను. అది తనకు ఒక వకీలు సాక్షిని బోనులో నిలబెట్టి నేరము ఒప్పించినట్లు కనబడెను. కాగితముమీది అక్షరములు మారలేదు. చదివినవాని చెవి మారినది.

రెండవది ఇంకను గొప్పది. ఒక తల్లి తన అల్లరిపిల్లవాని విషయమై వచ్చుచుండెను. బిడ్డను ఆమె చిన్ననాడే మనసులో దూరము చేసినదనియు, వాని ప్రవర్తనకు అదియే కారణమనియు రోజర్స్ నిశ్చయించుకొనెను. ఆ నిజమును ఆమెకు తెలియజేయుటకు పెక్కు దినములు ఓర్పుతో యత్నించెను. ఫలితము లేకపోయెను. తుదకు ఆయన, మన మిద్దరము యథాశక్తి ప్రయత్నించితిమి, ఇక చాలింతమని చెప్పెను. ఆమెయు అంగీకరించెను. కరచాలనము చేసి తలుపుదాక పోయెను. అచ్చట ఆగి, వెనుకకు తిరిగి, ఇచ్చట పెద్దవారికి కూడ సలహా లిచ్చుట కలదా అని అడిగెను. కలదని ఆయన చెప్పగా, అట్లయిన నాకు సహాయము కావలెనని మరల వచ్చి కుర్చీలో కూర్చుండెను. అప్పుడు తన సంసారములోని వేదనను, భర్తతోడి ఎడబాటును, తన వైఫల్యమును, అయోమయమును వెల్లడింపసాగెను. అంతవరకు ఆమె చెప్పిన ‘కేసు చరిత్ర’కును దీనికిని పోలికయే లేదు. చికిత్స నిజముగా ఆరంభమైనది ఆనాడే. అది తల్లికిని, బిడ్డకును మేలు చేసెను.

ఎచ్చట నొప్పియున్నదో ఎరిగినవాడు నొప్పి ననుభవించువాడే. చికిత్సకుడు తన తెలివిని చూపదలచిననే తప్ప, ఏ వైపునకు పోవలెనో వానినే చెప్పనిచ్చుట మేలు. రోజర్స్ ఆ తల్లివలన నేర్చిన పాఠ మిది.

యంత్రము చెప్పిన నిజము

1940లో రోజర్స్ ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడై కొలంబస్ నగరమునకు వచ్చెను. తాను రోచెస్టరులో ఏండ్ల తరబడి నేర్చిన దానిని స్నాతకోత్తర విద్యార్థులకు నేర్పవలసిన బాధ్యత ఇప్పుడు ఆయనపై పడెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. శస్త్రవైద్యము నేర్చువాని చేతిని గురువు ప్రక్కనుండి చూడవచ్చును. మానసిక చికిత్స మూసిన తలుపుల వెనుక ఇద్దరిమధ్య జరుగును. మూడవవాడు ప్రవేశించినచో ఆ సంభాషణ స్వభావమే మారిపోవును.

అంతవరకు ఉన్న పద్ధతి ఒక్కటే. సంభాషణ ముగిసిన పిమ్మట విద్యార్థి జ్ఞాపకమున్నంతవరకు వ్రాసికొని గురువునకు చూపవలెను. 1920లో బెర్లిన్ నగరమున నెలకొనిన మనోవిశ్లేషణ సంస్థలో కూడ అభ్యాసకులు రోగులను చూచి, ఆ వివరములను పెద్దలకు నివేదించుచుండిరి. రోగి మాటలాడుచుండగా వ్రాసికొనుట తగదని 1912లోనే ఫ్రాయిడ్ హెచ్చరించి యుండెను. ఏది ముఖ్యమో ముందే నిర్ణయించుకొనక అన్నిటిని సమముగా వినవలెననియు, వ్రాయ నారంభించినంతనే మనసు ఏరుకొన నారంభించుననియు ఆయన వాదము. ఆ వాదము మంచిదే. కాని జ్ఞాపకము మాత్రము ఏరుకొనదా?

కొలంబస్‌లో బెర్నార్డ్ కవ్నర్ అను విద్యార్థి సంభాషణలను ధ్వనిముద్రణ చేయు యంత్రములను సమకూర్చెను. నాటికి టేపు రికార్డరు సామాన్యుల కందుబాటులో లేదు. మైక్రోఫోను అందుకొన్న మాటలను పలకలపై సూదితో గీయవలెను. ఒక్కొక్క పలక కొలది నిమిషములకే నిండిపోవును. కావున వెంటవెంటనే పలకలు మార్చుచుండవలెను. ఇంత ప్రయాసతో లభించిన రికార్డులను, విద్యార్థులు జ్ఞాపకమునుండి వ్రాసిన నివేదికలతో కవ్నర్ పోల్చి చూచెను. జరిగిన సంభాషణలో చాల భాగము నివేదికలలో లేనేలేదు. వ్రాసినది అబద్ధము కాదు. వ్రాయనిది ఎక్కువ.

అంతకంటె కలవరపెట్టినది వేరొకటి. రోజర్స్, ఆయన శిష్యులు యంత్రము చుట్టును చేరి తమ మాటలను తామే వినిరి. సంభాషణ చక్కగా సాగుచు ఎచ్చట అడ్డము తిరిగినదో, ఆ చోటును మరల మరల వేసికొని వినిరి. తాము ఎదుటివానిని నడిపించుట లేదని నమ్మినచోట నడిపించుచునే యుండిరి. ఓపికతో వింటిమని తలచినచోట మాట కడ్డము వచ్చియుండిరి. గురువు చెప్పిన విమర్శను త్రోసిపుచ్చవచ్చును. తన కంఠమే చెప్పిన దానిని ఎవడు కాదనగలడు?

1942లో రోజర్స్ ప్రచురించిన ‘కౌన్సిలింగ్ అండ్ సైకోథెరపీ’ అను గ్రంథములో హెర్బర్ట్ బ్రయన్ అను మారుపేరుతో ఒక వ్యక్తి చికిత్స మొదటినుండి చివరివరకు, ఎనిమిది సంభాషణలు, మాటకు మాటగా అచ్చయ్యెను. ఒక చికిత్సను సంపూర్ణముగా అట్లు ప్రకటించుట అదే ప్రథమమని చెప్పుదురు. చికిత్సకుని పలుకుబడిలోని లోపములను సైతము ఆ గ్రంథము క్రింది వివరణలలో చూపెను. అంతవరకు రహస్యవిద్యగా ఉన్నది, నాటితో పదిమంది పరీక్షింపదగిన విద్య అయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము మానసికముగా దెబ్బతిన్న సైనికులకై అమెరికాలో చికిత్సకుల అవసరము పెరిగెను. 1949లో కొలరాడో రాష్ట్రములోని బౌల్డరు పట్టణమున జరిగిన సమావేశము, క్లినికల్ సైకాలజీ విద్యార్థి పరిశోధకుడుగను, చికిత్సకుడుగను ఉభయ శిక్షణ పొందవలెనని తీర్మానించెను. మన దేశమున 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడి ఇట్టి శిక్షణకు దారి తీసెను. 1974లో నిమ్‌హాన్స్‌గా రూపొందినది ఆ సంస్థయే.

ఒక్కొక్క పనిముట్టు

యంత్రము తప్పును చూపును. దిద్దుకొనుట ఎట్లు? ఇచ్చట మన ఉపాధ్యాయులకు చిరపరిచితమైన ఒక సంగతి వచ్చును. బి.ఎడ్. చదివినవారు సూక్ష్మబోధనను ఎరుగుదురు. పాఠము మొత్తము కాక, ప్రశ్న వేయుట, ఉదాహరణ చూపుట వంటి ఒక్క నైపుణ్యమునే తీసికొని, కొద్దిమంది యెదుట అయిదారు నిమిషములు బోధించి, విమర్శ విని, మరల బోధించుట దాని పద్ధతి. ఇది 1960ల తొలి యేండ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పుట్టినది. అలెన్ ఐవీ, ఆయన సహచరులు ఈ పద్ధతినే కౌన్సిలింగ్ శిక్షణకు అన్వయించి, 1968లో తమ పరిశోధనను ప్రకటించిరి. అనగా చికిత్సకుల శిక్షణకు ఉపాధ్యాయ శిక్షణయే దారి చూపినదన్నమాట.

ఐవీ మొదట నేర్పిన నైపుణ్యము చాల చిన్నదిగా తోచును. ఎదుటివానిని చూచుట, బిగుసుకొనక కూర్చుండుట, వాడు ఎత్తిన విషయమునే అనుసరించుట. విద్యార్థి కొన్ని నిమిషములు ఇంటర్వ్యూ చేయును, వీడియోలో తన్ను తాను చూచుకొనును, మరల చేయును. పిమ్మట అవును, కాదు అని ముగియని ప్రశ్నలు, విన్నదానిని క్లుప్తముగా తిరిగి చెప్పుట, మాట వెనుకనున్న భావమును గుర్తించుట, మౌనమును భరించుట. ఇవన్నియు చెప్పుటకు సులభములు. పది క్షణముల నిశ్శబ్దమును చెదరగొట్టక కూర్చుండుట ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలియును.

ఒక ఉదాహరణ చూతము. తొమ్మిదవ తరగతి బాలు డొకడు సాయంకాలము బడి విడిచిన తరువాత వెనుదీసి నిలిచి, “మేష్టారూ, నేను రేపట్నించి బడికి రానండీ” అనెననుకొందము. మన నోట వచ్చు సమాధానము లివి.

“ఏమిట్రా ఆ పిచ్చిమాటలు? పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. బుద్ధిగా చదువుకో.” ఇది ఉపదేశము.

“దీనికే దిగులెందుకురా? అన్నీ అవే సర్దుకుంటాయి.” ఇది ఓదార్పు.

“ఎందుకు రావు? ఎవరేమన్నారు? మీ నాన్నకు తెలుసా?” ఇది విచారణ.

ఈ మూడును చెడ్డమాటలు కావు. మూడింటిలోను ప్రేమ కలదు. కాని మూడును తొందరపడి వచ్చినవి. బాలునికి ఏమి జరిగినదో తెలియకమునుపే ఉపదేశము ముగిసినది. దిగులు దేనికో వినకమునుపే అది చిన్నదని తేల్చినాము. మూడవదానిలో ప్రశ్న పై ప్రశ్న వచ్చుటచే, దేనికి బదులు చెప్పవలెనో తోచక బాలుడు తల వంచుకొనును. నాలుగవ మార్గ మొకటి కలదు.

“రానంటున్నావు. ఆ మాట చెప్పడానికే నీకు కష్టంగా ఉన్నట్టుంది. కూర్చో.”

పిమ్మట ఊరకుండవలెను. బాలుడు కొంతసేపు నేలచూపు చూచును. అంతట, “నాన్నకి ఒంట్లో బాగుండడం లేదండీ. నేను పనికి పోతేగాని ఇల్లు గడవదండీ” అని బయటపెట్టవచ్చును. ఇప్పుడు ఉపాధ్యాయునికి చేయవలసిన పని కనబడినది. ఉపకారవేతనమో, వైద్యమో, తల్లితో మాటలాడుటయో ఆలోచింపవచ్చును. సలహాకు ఇప్పుడు చోటు దొరకినది. మొదటి మూడు సమాధానములు బాలుని దిగులుకంటె మన కంగారునకే బదులు చెప్పినవి. శిక్షణలోని విద్యార్థి తన రికార్డులో మాటిమాటికి కనుగొను తప్పు ఇదియే.

చిలుకపలుకులు

ఇంతతో విద్య పూర్తియైనదా? కాలేదు. రోజర్స్ పద్ధతి వ్యాపించినకొలది, ఎదుటివాడు చెప్పినదానిని కొంచెము మార్చి తిరిగి చెప్పుటయే చికిత్స అనుకొన్నవారు బయలుదేరిరి. చిలుకపలుకులని లోకము నవ్వెను. ఈ వికృతిని చూచి రోజర్స్ ఎంత నొచ్చుకొనెననగా, సహానుభూతితో వినుటను గూర్చి పెక్కు సంవత్సరములు ఎక్కువగా మాటలాడుటయే మానితినని 1975లో ఒక వ్యాసమున చెప్పుకొనెను.

1957లోనే ఆయన చికిత్సకునికి ఉండవలసిన గుణములను సూత్రీకరించి యుండెను. వానిలో మూడు ప్రసిద్ధములు. తాను లోపల ఒకటి, వెలుపల ఒకటి కాకుండుట. ఎదుటివానిని ఏ షరతును లేక ఆదరించుట. వాని లోకమును వాని కన్నులతో చూచుట. ఇవి నైపుణ్యములు కావు, స్వభావములు. స్వభావమును ఎట్లు నేర్పుదురని ఆక్షేపణ. నైపుణ్యము మాత్రమే ఉన్న యెడల చిలుకపలుకు మిగులును. స్వభావము మాత్రమే ఉన్న యెడల పైన చెప్పిన తొందరపాటు ఉపదేశము మిగులును. కనుకనే మంచి శిక్షణలో పర్యవేక్షకుడు రికార్డు విని, నీ వేమంటివని మాత్రమే అడుగడు. ఆ క్షణమున నీలో ఏమి జరిగినదని కూడ అడుగును. ఆ ప్రశ్నకు భయపడక సమాధానము చెప్పుటకు, విద్యార్థిని గూడ ఎవరో ఒకరు ఆదరముతో వినవలెను. వినబడినవాడే వినుట నేర్చును.

గురువును కోరివచ్చువాడు

పాశ్చాత్యుల పద్ధతిని మనము ఉన్నదున్నట్లు తెచ్చుకొనవచ్చునా? మన విద్యార్థి ఉపాధ్యాయుని కన్నులలోనికి సూటిగా చూచుట మర్యాద కాదనుకొనును. కనుచూపు నియమము ఇచ్చట సవరింపదగినది. చూపు, దూరము, మౌనము ఒక్కొక్క సంస్కృతిలో ఒక్కొక్క రీతిగా అర్థమగునని తరువాతి కాలమున ఐవీయే నొక్కి చెప్పెను.

ఇంకను లోతైన భేద మొకటి కలదు. మనవాడు బాధతో వచ్చి, “మీరే ఒక దారి చూపాలండీ” అనును. దారి నీవే వెదకుకొనుమన్నచో, త్రోసివేసినట్లు భావించును. పంజాబుకు చెందిన సుప్రసిద్ధ మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ 1973లో ఈ విషయమై ఒక వ్యాసము ప్రకటించెను. భారతీయ చికిత్సలో గురుశిష్య సంబంధము ఒక ఆదర్శము కాగలదని ఆయన ప్రతిపాదన. ఆశ్రయించుటను రోగలక్షణముగా చూడక, నమ్మకముగా స్వీకరించి, క్రమముగా శిష్యుని తన కాళ్ళపై నిలువబెట్టవచ్చునని దాని సారము. ఈ రెండు మార్గములకు విరోధము లేదు. మంచి గురువు ముందు శిష్యుని వినును, పిమ్మట చెప్పును. క్రమము తారుమారైనప్పుడే చిక్కు.

హద్దు తెలిసికొనుట

వినుట నేర్చిన ప్రతి ఉపాధ్యాయుడును చికిత్సకుడు కాడు. శిక్షణలో విద్యార్థి తొలుదొల్త నేర్చు పాఠములలో ఒకటి తన హద్దును గుర్తించుట. “ఎవరితోను చెప్పనని మాటివ్వండి” అని పిల్లలు కోరినప్పుడు, తొందరపడి మాట ఇయ్యరాదు. ప్రాణాపాయము కలిగినచో రహస్యము నిలుపుట తగదు. పిల్లలపై లైంగిక దౌర్జన్యము జరిగినట్లు తెలిసినవారు అధికారులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము విధించుచున్నది. “నీకు సంబంధించినంతవరకు దాస్తాను. నీకు ప్రమాదమనిపిస్తే మాత్రం సాయం చేయగలవాళ్ళకి చెప్తాను” అని ముందుగానే చెప్పుట న్యాయము.

బ్రతుకాలని లేదని విద్యార్థి సూచించినచో, ప్రాణము తీసికొనవలెనని తోచుచున్నదా అని మెల్లగా, సూటిగా అడుగవలెను. అడుగుటచే ఆ తలంపు పుట్టునన్నది అపోహ. వానిని ఒంటరిగా విడువరాదు. ఇంటివారికి తెలిపి, వైద్యునివద్దకు చేర్చవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

రోజర్స్ 1987లో దివంగతుడయ్యెను. నాటి పలకల స్థానమున ఇప్పుడు వేరు పరికరములు వచ్చినవి. సంభాషణను ముద్రింపవలెనన్న ముందు ఎదుటివాని అనుమతి పొందుట నియమమైనది. శిక్షణ మాత్రము చాలవరకు అదే. తన మాటను తానే విని సిగ్గుపడుట, మరల ప్రయత్నించుట.

రోచెస్టరులో ఆ తల్లి తలుపుదాక పోయి వెనుకకు తిరిగినప్పుడు, రోజర్స్ కాగితములు సర్దుకొనుచు తల ఎత్తకయుండిన ఏమయ్యెడిదో? ఆమె ప్రశ్న చిన్నది. అడిగినది గుమ్మము దగ్గర. మన బడిలో కూడ పిల్లల అసలు మాట తరచుగా గంట మ్రోగిన తరువాతనే, సంచి భుజమునకు తగిలించుకొని, పోబోవుచు వచ్చును. అప్పుడు ఒక్క నిమిషము ఆగి, సుద్దముక్కను బల్లపై నుంచి, “ఏమిట్రా?” అని వాని వైపు తిరుగుటతోనే ఈ విద్యలో మొదటి పాఠము ప్రారంభమగును.